కలెక్టరు అనే గుర్రమూ, నా వైద్యమూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, మెళ్ళో స్టెతస్కోపు, పశువులకి ప్రాథమిక వైద్యం చేయొచ్చని ఏడాది శిక్షణ తర్వాత ఇచ్చిన కాగితం. ఇంతకన్నా ఒక మనిషికి ఏం కావాలి? యాభై దాటిన ఈ వయసులో నాకు నిజంగా తెలిసినవేమిటా అని లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు కూడా పూర్తవడం లేదు గానీ, అప్పట్లో మాత్రం లోకంలో ఉన్న పశువులన్నీ రోగాలు తెచ్చుకుని నా కోసమే క్యూలో నిలబడ్డాయని అనుకునేవాణ్ణి. తొంభైల చివర్లో అరకు దగ్గర ఒక చిన్న ఊళ్ళో నాకు ఉద్యోగమిచ్చారు. అక్కడ డాక్టరు పోస్టు ఖాళీ. సహాయకుణ్ణి నేనొక్కణ్ణే. అందుకని జనం నన్నే "డాక్టరు బాబూ" అని పిలిచేవారు. (నేను సరిదిద్దలేదు. మీరైతే సరిదిద్దేవారా?)

ఉండడం మా మేనమామ ఇంట్లో. మామ విజయనగరం వైపు రైతు కుటుంబంలో పుట్టి, నాగలి వదిలేసి, అరకులో ఉప్పు, కిరోసిను, బట్టలు అమ్ముకునే కొట్టు పెట్టాడు. కొట్టు బాగానే నడిచేది గానీ మామకి తృప్తి లేదు. ఆదివారాలు విశాఖ నుంచి రైల్లో సొరంగాలన్నీ దాటుకుని టూరిస్టులు దిగేవారు. వాళ్ళని గుమ్మంలో నిలబడి చూస్తూ ఒకటే బాధపడేవాడు. "ఒరే అల్లుడూ, ఈలు ఇంత దూరం వొచ్చి ఏటి సేత్తన్నారు? కొండలు సూస్తన్నారు, టీ తాగుతన్నారు, ఎల్లిపోతన్నారు. పాపం, ఎక్కి తిరగడానికి ఒక్క గుర్రమేనా నేదు!" అనేవాడు. మా అత్త లోపల్నుంచి, "ఆలు గుర్రం కావాలని ఏడుస్తన్నారేటి నీ దగ్గర?" అని అడిగేది. అత్త మాట మా ఇంట్లో చెల్లేది కాదు. మగవాళ్ళు ఇద్దరం తెలివైనవాళ్ళం కదా మరి.

అలా నవంబరులో ఒక పొద్దున్న మా వీధిలోకి లారీలో మామ బేరమాడి కొన్న గుర్రం వచ్చింది. రేసుల్లో నాలుగేళ్ళు పరిగెత్తిన గుర్రం. ముందు కాలు దెబ్బతిని గెలవడం మానేసింది, దాంతో యజమానులు వదిలించుకున్నారు. కాగితాల్లో ఇంగ్లీషులో బారెడు పేరుంది, ఎవరికీ నోరు తిరగలేదు. ఎత్తుగా, ముదురు గోధుమరంగులో, చర్మం కింద నరాలు కనిపించేంత నాజూగ్గా ఉంది. దింపిన డ్రైవరు టీ తాగుతూ, "ఇది అదృష్టవంతురాలు బాబూ. దీంతో పాటు ఇంకో మూడు ఎక్కినాయి. ఒకటి పెళ్ళి బ్యాండువోళ్ళు పట్టుకుపోనారు, ఒకటి బీచీలో పిల్లల్ని ఎక్కించీవోడికి పోనాది," అన్నాడు. మూడోదాని సంగతేమిటని అడిగాను. అతను గ్లాసు కింద పెట్టేసి, "అడక్కండి," అని లారీ ఎక్కాడు. (అదృష్టవంతురాలన్నాడు గానీ అది మగది. ఆ ఒక్క రోగనిర్ధారణా నేను సరిగ్గానే చేశాను.)

మామ దగ్గర ఎడ్లని చూసుకునే ముసలాయన ఒకాయన ఉండేవాడు, అందరం బండి తాత అనేవాళ్ళం. మామతో పాటు పల్లం నుంచి వచ్చినవాడే. పుట్టి బుద్ధెరిగాక ఎడ్లతో తప్ప మనుషులతో పెద్దగా మాట్లాడింది లేదు. ఆయన గుర్రాన్ని కాసేపు చూసి, "ఎవుల్నీ సూడడు, కూకోడు, నిలబడే ఉంతాడు. కలెట్రు బాబునాగున్నాడు," అన్నాడు. ఆ పేరే ఖాయమైంది.

కలెక్టరుకి నడక రాదని మొదటి ఆదివారమే తెలిసింది. ఆయనకి వచ్చినవి రెండే పనులు, నిలబడడం, పరిగెత్తడం. కొత్తగా పెళ్ళైన జంటలో మొగుడు నల్లద్దాలు పెట్టుకుని, పెళ్ళాం చూస్తుండగా దర్జాగా ఎక్కి, మడమతో చిన్నగా తట్టాడు. అంతే! పసుపుపచ్చగా పూసిన వలిసెల చేను చుట్టూ కలెక్టరు ప్రాణం పెట్టి పరుగు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. అతను జూలు పట్టుకుని కొన్నాళ్ళుగా తలచుకోని దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచాడు. నాలుగో చుట్టు అవగానే బయల్దేరిన చోటికే వచ్చి గుర్రం దానంతటదే ఆగింది. అతను దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా స్టేషను వైపు నడిచిపోయాడు. ఆ అమ్మాయి మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతూ వెనకాలే వెళ్ళింది. మేమూ పడీ పడీ నవ్వాం. సాయంత్రానికి కలెక్టరు పాత కాలు కుండలా వాచింది. అప్పుడు అత్త ఒక్కతే దాని పక్కన కూర్చుని ఉప్పుకాపడం పెట్టింది.

ఆ తర్వాత సవారీ మానేసి ఫొటోలకి మాత్రం నిలబెట్టారు. నిలబడేదానికి అంత మేత ఎందుకని మామ మేత తగ్గించాడు. అరకు చలికి, చాలని మేతకి, నెల తిరక్కుండా దాని పక్కటెముకలు తేలాయి. ఒక శనివారం పొద్దున్నే బండి తాత పరిగెత్తుకుంటూ వచ్చాడు. "డాక్టరు బాబూ, కొంప ములిగింది! ఇది వొచ్చిన కాణ్ణుంచీ ఒక్కపాలి నెమరెయ్యడం నాను సూణ్ణేదు! పడుకోడం కూడా నేదు!"

గబుక్కున లేచి నిలబడ్డాను. ఎద్దుని పెంచినవాడెవడైనా ఈ మాటకి అలాగే ఉలిక్కిపడతాడు. పశువు నెమరు ఆపిందంటే రోగం వచ్చిందన్నమాటే. శిక్షణలో మాకు మొదటి రోజు నేర్పిందీ, చివరి రోజు అడిగిందీ అదే. నేను తీవ్రంగా మొహం పెట్టి, కలెక్టరు ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి, వాచీ చూస్తూ ఐదు నిమిషాలు నిలబడ్డాను. ఎద్దుకి తగలాల్సిన కదలిక ఒక్కటీ తగల్లేదు. "పొట్ట పూర్తిగా స్తంభించిపోయింది," అని ప్రకటించాను. మామ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. (మా పాఠ్యపుస్తకంలో గుర్రం మీద ఒక అధ్యాయం ఉండేది. దాంట్లోంచి పరీక్షలో ప్రశ్న రాదని సీనియర్లు చెబితే ఆ పేజీలు విడదీయను కూడా లేదు.)

వైద్యం మొదలైంది. వాము, ఇంగువ, అల్లం, బెల్లం నూరి, ఆసుపత్రిలో ఉన్న నెమరు పొడి కలిపి, నలుగురు తల ఎత్తి పట్టుకుంటే వెదురు గొట్టంతో గొంతులో పోశాం. కలెక్టరు ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. మందు పట్టిందని చెప్పాను. ఆపైన, పొట్ట స్తంభించిన ఎద్దుకి ఏం చెబుతామో అదే చెప్పాను. "నెమరు వచ్చేదాకా గడ్డిపరక పెట్టకూడదు. నీళ్ళు మాత్రమే."

రెండో రోజుకి అది కట్టిన పలుపుతాడు నమిలి తెంపింది. మూడో రోజు కట్టుకొయ్య కొరికింది, ఆరేసిన మామ తువ్వాలు సగం మింగింది. కనబడ్డ చెత్తల్లా తింటోందంటే రోగం ముదిరినట్టేనని నేను గంభీరంగా చెప్పి, నూర్పిళ్ళప్పుడు ఎడ్ల మూతికి కడతారే, ఆ తాడు చిక్కం, అది దాని మూతికి కట్టించాను. ఆ రోజే అత్త నా దగ్గరికి వచ్చింది. "అల్లుడూ, దానికి ఆకలేత్తందిరా. రోగం కాదు. ఆ కళ్ళు సూడు ఒకపాలి." నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పారేయాలో తెలియదు. "అత్తా, ఇది కళ్ళు చూసి చెప్పే విషయం కాదు, ఇది సైన్సు," అన్నాను. అత్త చేతిలో ఉన్నదేదో కొంగు కింద దాచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏమిటని నేను అడగలేదు.

రోజుకి మూడు పూటలా మందు పోశాం. దగ్గు ఎక్కువైంది, ముక్కు వెంట చీమిడి మొదలైంది. ఆరు రోజులు గడిచాయి. నాకు లోపల భయం పట్టుకుంది. పోతే నా పేరు పోతుందన్న భయం కొంత, దాన్ని చూడలేక మొహం తిప్పుకోవడం కొంత. పొద్దున్నే నేను వెళ్తే చెవులు నా వైపు తిప్పేది. ఇన్ని చేతులు మారినా ఇంకా మనిషి కనబడితే ఏదో పెడతాడనే అనుకునేది.

శుక్రవారం సంత. ఇంట్లో అల్లం అయిపోతే కొందామని వెళ్ళాను. సంత చివర, పసుపు బస్తాలు దింపుకున్న ఒక పొట్టి గుర్రం కనిపించింది. పాడేరు పైన కొండల్లో సరుకులు మోసే గుర్రాలున్నాయని నాకు తెలియక కాదు. కానీ వాటిని ఎవరూ వైద్యానికి తీసుకురారు, అందుకని అవి నా లెక్కలో లేవు. దాని మూతిని కాసేపు శ్రద్ధగా గమనించి, యజమానిని, నెరిసిన గడ్డం ఆయన్ని, డాక్టరు గొంతుతో అడిగాను. "ఇది రోజుకి ఎన్నిసార్లు నెమరు వేస్తుంది?"

ఆయన నా స్టెతస్కోపు వైపు చూసి, వేళాకోళమేమో అని కొంచెం ఆగి, "గుర్రం నెమరెయ్యదు గదా బాబూ," అన్నాడు.

"ఈ గుర్రమా? మరి నెమరు లేదని మేత ఆపేస్తే?"

"ఏ గుర్రమూ ఎయ్యదు. మా తాతల కాణ్ణుంచి గుర్రాలే మావి. అది మేస్తానే ఉండాల. పొట్ట కాళీ పెడితే సచ్చిపోతాది. ఎవులిది బాబూ, మీదేనా? ఎన్నాళ్ళయింది తిని?"

ఆరు రోజులని చెప్పాను. గొట్టంతో మందు పోసిన సంగతి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన తిట్టలేదు. తన గుర్రం ముందున్న పచ్చగడ్డి మోపు ఎత్తి నా భుజం మీద పెట్టి, "బేగి ఎల్లు బాబూ," అన్నాడు.

పరిగెత్తాను. దార్లో గడ్డి రాలిపోతోంది, జనం నన్ను చూసి నవ్వుతున్నారు. ఇంటి దగ్గర గుంపు. పోయిందనే అనుకున్నాను. కానీ ఎవరూ ఏడవడం లేదు. మామ పళ్ళెంలో బెల్లం ముక్కలు పెట్టుకుని పంచుతున్నాడు! నన్ను చూడగానే గట్టిగా కావలించుకున్నాడు. "ఒరే అల్లుడూ, నెమరేత్తందిరా! నీ మందు పని సేసింది! పడుకుంది, నెమరేత్తంది!" బండి తాత కళ్ళు తుడుచుకుంటూ, "దవడలాడిత్తన్నాడు బాబూ, నా సెవులారా ఇన్నాను," అన్నాడు.

కలెక్టరు పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. చిక్కం తీసేశారు. దవడలు నిజంగానే కదులుతున్నాయి. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గర పెట్టాను. పన్ను మీద పన్ను, రాయి మీద రాయి నూరుతున్న చప్పుడు. నోట్లో ఏమీ లేదు. నొప్పికి తట్టుకోలేక పళ్ళు నూరుకుంటున్నాడు. వెనకాల జనం మురిసిపోతున్నారు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. పచ్చగడ్డి మూతికి అందించాను. వాసన చూశాడు. పెదాలతో ఒక్క పరక పట్టుకున్నాడు. నమలలేదు. సంత విడవకముందే ప్రాణం పోయింది.

ఇంకెవరైనా అయితే ఊళ్ళో తలెత్తుకోలేకపోయేవారు. నా ఖర్మ చూడండి, నా పేరు పెరిగింది. "సచ్చిపోయే గుర్రానికి నెమరు తెప్పించీసినాడు. ఆయుసు తీరిపోనాది, ఆ బాబేటి సేత్తాడు?" అని బండి తాత ఊరంతా చెప్పాడు. ఎక్కడెక్కడి నుంచో ఎడ్లని తోలుకొచ్చేవారు నా దగ్గరికి. నేను నోరు విప్పలేదు. మామకి చెప్పలేదు, ఊరికి చెప్పలేదు. గుర్రం పోయిన సాయంత్రం అన్నం ముందు కూర్చుని, చెయ్యి పెట్టలేక, ఒక్క అత్తకి మాత్రం చెప్పేశాను. గుర్రాలు నెమరు వేయవని, దాన్ని ఆకలితో మాడ్చి, గొట్టంతో ఊపిరితిత్తుల్లో మందు పోసి నేనే చంపానని.

అత్త నా కంచం పక్కకి జరిపింది. తర్వాత, "నాకు తెలుసురా ఆకలని," అంది. "మూడో దినం గడ్డి అట్టుకొచ్చినాను. నువ్వు నవ్వినావు. సదువుకున్నోడివి గదా, నాకంటే నీకే తెలుస్తాదని అట్టుకెల్లి ఎద్దుకేసీసినాను. ఆ తప్పు నాది." నేను తప్పు నీది కాదత్తా అని చెప్పాలి. ఏడుపొచ్చి చెప్పలేకపోయాను. తర్వాత ఎన్నో ఏళ్ళున్నాయి, అప్పుడూ చెప్పలేదు.

మామ ఉన్నన్నాళ్ళూ, పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, దొరికిన ప్రతివాడినీ కూర్చోబెట్టి "మావోడు గుర్రానికి నెమరు తెప్పించినాడు" అనే కథ చెప్పేవాడు. వినేవాళ్ళు నన్ను గౌరవంగా చూసేవారు. నేను మెడలో లేని స్టెతస్కోపు సర్దుకుంటూ వినయంగా తలూపేవాణ్ణి. గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయేది. నవ్వుకునేదో, ఏడ్చుకునేదో నేను అడగలేదు. ఇప్పుడు మామ లేడు, అత్తా లేదు, ఆ కథ చెప్పేవాడు లేక నేనే మీకు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆరు రోజులు కళ్ళెదుట ఆకలిని పెట్టుకుని వాచీ చూసుకుంటూ నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వే వస్తుంది నాకు. నవ్వి, పక్కనున్నవాళ్ళు ఎందుకు నవ్వావని అడిగితే, ఏం లేదంటాను.