పుంగనూరులో లేని తొమ్మిది గంటల బస్సు

నాకు లెక్కలంటే భయం. ఇప్పుడు ఇంత ధైర్యంగా రాస్తున్నాను గానీ, మదనపల్లెలో డిగ్రీ కాలేజీకి గెస్ట్ లెక్చరర్‌గా వెళ్తూ చాన్నాళ్ళు ఈ సంగతి కడుపులోనే దాచుకున్నాను. కామర్స్‌లో నేను చెప్పేది కంపెనీ చట్టం, ఆఫీసు నిర్వహణ. వాటికి నోరుంటే చాలు. నోరు నాకు దేవుడు కావలసినదానికంటే ఎక్కువే ఇచ్చాడు.

ఒక ఏడాది కాలేజీ తెరవగానే ప్రిన్సిపాల్ పిలిచి, ఈసారి స్టాటిస్టిక్స్ పేపరు నన్నే చెప్పమన్నారు. అది చెప్పే సారుకు బదిలీ అయింది.

"నాకు రాదు సార్," అన్నాను.

"నేర్చుకోమ్మా. ఈ సారి నీకు మిగిలిండేది ఆ గంటలే. అవీ వద్దంటే నిన్ను యాడ పెట్టుకునేది? నువ్వే చెప్పు."

ఆయన కోపంగా అనలేదు. ఉన్న మాటే అన్నారు. ఆ ఉద్యోగం పోతే మా పొయ్యి వెలగదని కాదు, మా ఆయనకు విత్తనాల అంగడి ఉంది. కానీ ఒక ఇంటి కోడలు, ఒక అంగడాయన భార్య కాకుండా, నేను నేనుగా ఉండే చోటు నాకు అదొక్కటే. దాన్ని పోగొట్టుకుంటే మళ్ళీ సంపాదించుకునే ఓపిక నాలో లేదు. సరేనని తలూపి వచ్చాను.

పాఠ్యపుస్తకం తెరిస్తే నిద్ర, మూస్తే భయం. ఫోన్‌లో వెతికితే పాఠాలకేం కొదవ లేదు. ఒకాయన కోటు వేసుకుని ఇంగ్లీషులో రైలులా పరిగెత్తాడు. ఇంకొకావిడ నేను ఎప్పుడూ చూడని ఆటలో ఎవరెన్ని పాయింట్లు కొట్టారో లెక్క వేసింది. నాకు ఏడుపు వచ్చింది. ఫోన్ మంచం మీదికి విసిరేశాను. మంచం మీదికే, కింద కాదు. అంత తెలివి మిగిలే ఉంది.

అట్లా వెతగ్గా వెతగ్గా ఒక తెల్లవారుజామున కుప్పం సారు దొరికారు. ముఖం కనబడదు. ఒక తెల్ల కాగితం, పెన్ను పట్టుకున్న ఒక చెయ్యి, ఒక గొంతు, అంతే. కుప్పం కాలేజీలో పనిచేస్తానని మధ్యలో ఎక్కడో చెప్పారు. ప్రతి పాఠం ఒకే మాటతో మొదలయ్యేది: "భయపడాకండి. నేనుండాను." వెనక కుక్కరు విజిల్ వేస్తే పెన్ను ఆపి, "ఉండండప్పా, ఇదీ పాఠం చెప్పాలంటాండాది," అనేవారు. మొదటి పాఠంలోనే నవ్వాను. లెక్కల పాఠం వింటూ నవ్వడం నా జన్మలో అదే మొదలు.

స్టాండర్డ్ డీవియేషన్ ఆయన చెప్పినట్టు ఎవరూ చెప్పరు. శాంతిపురం నుంచి కుప్పానికి ఎనిమిదికొక బస్సు, తొమ్మిదికొక బస్సు. సరాసరిన రెండూ పది నిమిషాలు లేటు. "సరాసరి సూస్తే రెండూ అక్కాచెల్లెళ్ళే. కానీ ఎనిమిది గంటల బస్సు దినమూ ఆ పది నిమిషాలకే వస్తాది. తొమ్మిదిది ఒకనాడు టయానికొస్తాది, ఒకనాడు అరగంటైనా రాదు. పరీక్ష ఉండే దినం యా బస్సును నమ్ముకుంటారు? ఆ నమ్మకం ఎంతో కొలిచేదే ఈ లెక్క." ఇన్నేళ్ళూ నన్ను భయపెట్టింది ఇదా, ఇంతేనా!

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. తెల్లవారుజామున సారు పాఠం వినడం, కాగితం మీద ఎక్కించుకోవడం, పదిన్నరకు వెళ్ళి నా సొంత పాఠంలాగా బోర్డు మీద ఒప్పజెప్పడం. సారు ఊసు ఎత్తేదాన్ని కాదు. ఎత్తితే నాకు రాదన్న సంగతి బయటపడుతుంది కదా. బస్సుల పాఠం నాడు మరీ తెలివి చూపించాను. మా క్లాసులో సగం మంది పుంగనూరు నుంచి వస్తారు కాబట్టి శాంతిపురం, కుప్పం కొట్టేసి పుంగనూరు, మదనపల్లె అని పెట్టాను. టైములు మాత్రం మార్చలేదు. నేను స్కూటీ మీద తిరిగేదాన్ని, బస్సుల సంగతి నాకేం తెలుసు?

రెండో బెంచీలో పుంగనూరు అమ్మాయి ఒకతి లేచింది. "మేడం, ఆ తొమ్మిది గంటల బస్సు యాడుండాది? పుంగనూరులో ఎనిమిదీ ఇరవైది పోతే మళ్ళా తొమ్మిదిన్నరకే."

వెనక నుంచి ఎవడో, "చెప్పండి మేడం, దాంట్లోనన్నా సీటు దొరుకుతాదేమో," అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఇది కుప్పం సారు చెప్పే లెక్క కదా మేడం? నేనూ సూస్తా ఉంటాను," అంది. అమాయకంగానే అంది. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా అయిపోయాను. తప్పు దొరికితే నాకు ముందు వచ్చేది కోపమే. "అంత తెలిసిందానివి నువ్వే వచ్చి చెప్పు!" అని సుద్దముక్క బల్ల మీద కొట్టి, గంట మోగకుండానే బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక కోపం దిగింది. ఆ పిల్ల ఏం పాపం చేసిందని? మేడానికి పాఠం రాదు, తిట్టి వెళ్ళిపోయింది అని నలుగురూ కలిసి వెళ్ళి చెప్పారంటే నా పని అయిపోయినట్టే. మర్నాడు కాలేజీ గేటులో అడుగు పెట్టగానే అటెండరు వచ్చి ప్రిన్సిపాల్ రమ్మంటున్నారన్నాడు. గది బయట ఆ అమ్మాయే నిలబడి ఉంది. సరే, ముగిసింది అనుకున్నాను.

"ఏమ్మా, స్టాటిస్టిక్స్ క్లాసుకు ప్రొజెక్టరు కావాలంట కదా? మీరే అడగమన్నారని ఆ పాప వచ్చింది," అన్నారు ప్రిన్సిపాల్. "వారానికి రెండు దినాలు వాడుకోండి. పిల్లోళ్ళు అడిగి మరీ సదువుతామంటే నేనొద్దంటానా?"

నేను ఎవరినీ ఏమీ అడగమనలేదు. అయినా తలూపాను. బయటికి వచ్చి ఆ అమ్మాయి వైపు చూస్తే, తలొంచుకుని, "సారు పాఠాలు అందరం కలిసి సూస్తే మంచిదని, మేడం," అంది. ముందు రోజు నా చేత తిట్లు తిన్న పిల్ల నన్ను కాపాడింది. ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళు కూడా ఉండవు.

ఆ రోజు క్లాసులో ఉన్నదంతా చెప్పేశాను. నాకు లెక్కలు రావని, తెల్లవారుజామున నేర్చుకుని వస్తున్నానని, ఆ సారు పాఠం నాదని చెప్పుకున్నానని. ఒక్కరూ నవ్వలేదు. వెనక బెంచీ వాడు మాత్రం, "మాకూ రావు కదా మేడం, సరిపోయింది," అన్నాడు. ఆ తర్వాత సారు పాఠాలు గోడ మీద వేసుకుని, మధ్యమధ్యలో ఆపి, కొట్లాడుకుంటూ కలిసి నేర్చుకున్నాం. పుంగనూరు పిల్లలు రెండు వారాలు వాళ్ళ బస్సులు నిజంగా ఎంత లేటో రాసుకుని వచ్చారు. దాని మీదే లెక్క కట్టాం. నేను కట్టిన లెక్క తప్పితే ఆ అమ్మాయే దిద్దింది. పరీక్షల్లో మా వాళ్ళు గట్టెక్కారు. నా గంటలు నాకే ఉన్నాయి.

ఆ ఫలితాలు వచ్చాక కుప్పం సారుకు ఆయన వీడియో కిందే రాశాను, మీ పాఠం దొంగిలించాను, క్షమించండి అని. "ఇంటికి రామ్మా" అని ఫోన్ నంబరుతో జవాబు వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే పుంగనూరు, పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళాను. చేతిలో పిల్లలు రాసిన బస్సుల కాగితం తప్ప ఇంకేమీ లేదు.

సారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. వంటింటి పక్కనే చిన్న బల్ల, దాని మీద ఆ పెన్ను. ఆయన గొంతు ఎదురుగా వింటుంటే మా ఇంటి మనిషి మాట్లాడినట్టే ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివి, "నాకంటే బాగా చేసినారే!" అన్నారు.

"పిల్లల కోసం చేసిన పాఠాలు నేను దొంగచాటుగా విని చెప్పుకున్నాను సార్," అన్నాను.

"పిల్లోళ్ళ కోసమా?" ఆయన కళ్ళద్దాలు తీశారు. "మా పిల్లోళ్ళకి చెప్పేదానికి నేను క్లాసులో ఉండాను కదమ్మా. అవి మీ కోసరం చేసినవి. నాకు మొదట ఈ పేపరు ఇచ్చినప్పుడు, క్లాసులో నడిమధ్యన లెక్క తెగక, బోర్డు తుడిచేసి బయటికొచ్చేసినా. రెండు దినాలు కాలేజీకి పోలేదు. ఇది ఎట్లప్పా అని అడిగేదానికి ఒక్కరు లేరు. నా మాదిరి ఎవురో ఒకరు యాడో రేపటి క్లాసుకు భయపడతా ఉంటారు కదా అని మొదలుపెట్టినా."

భయపడాకండి, నేనుండాను. ఏడాది పొడుగునా ఆ మాట నేను పిల్లల పక్కన దూరి వింటున్నాననుకున్నాను. అది నాతోనే అన్న మాట. ఆయన ముందే ఏడ్చేశాను. సిగ్గు కూడా అనిపించలేదు. ఆయన కంగారుపడి లోపలికి కేక వేస్తే, ఆయన భార్య రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"యాలమ్మా ఏడ్సేది? తిను, సల్లారిపోతాది. ఆయప్ప పాఠం చెప్తాంటే నేను పొయ్యి ఆపుకుని కూర్చున్న దినాలు ఎన్నో. అది విని ఒక్కరన్నా వస్తారా అని సూస్తా ఉంటి," అంది.