మా బిడ్డనే సార్

నల్లగండ్లలో మా మేడ మీది గదిలో ఒక సూడాన్ అమ్మాయి కిరాయికి ఉంటోంది. దగ్గర్లోనే చదువుకుంటోంది. విదేశీయులు ఇంట్లో దిగితే ఇరవై నాలుగు గంటల్లో సర్కారుకు ఆన్‌లైన్‌లో తెలపాలి. ఆ ఫారం నేనే నింపాను. అందులో నన్ను వేలెత్తి చూపడానికి లేదు. కొంప ముంచింది నా నోరు.

మొన్న వేసవిలో ఆమె వీసా పొడిగింపుకు దరఖాస్తు పెట్టుకుంది. చదువు చివరి ఏడాది. వాళ్ల దేశంలో యుద్ధం. తల్లి పక్క దేశంలో ఒక శిబిరంలో ఉంది. పొడిగింపు రాకపోతే చదువూ ఆగిపోతుంది, వెళ్లడానికి ఇల్లూ లేదు.

విచారణకు కానిస్టేబుల్ ఇంటికొచ్చాడు. చాయ్ ఇచ్చాను. "ఈ పిల్ల మీకేమైతది?" అన్నాడు. కూరగాయలమ్మే ఆమెను కూడా అక్కా అని పిలిచే మనుషులం మేము. "మా బిడ్డనే సార్, మా ఇంట్లనే తింటది" అన్నాను గొప్పగా. ఆయన బంధువని రాసుకుపోయాడు.

రెండు వారాలకు వీసా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఇద్దరం వెళ్లాం.

"బంధువని రిపోర్టుల ఉంది. దరఖాస్తుల ఆ ముచ్చట లేదు. ఏది నిజం?" అన్నాడు అధికారి.

నాకు ఒళ్లు మండింది. "ప్రేమతోని అన్న మాటకు గింత పరేషాన్ చేస్తరా సార్?"

ఆయన కోప్పడలేదు. "రోజూ ఎంతోమంది వస్తరమ్మా. నేను కాగితం తనిఖీ చేస్తగని ప్రేమనెట్ల చేయాలె? ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టుండ్రి."

కాగితం ముందుకు లాక్కున్నాను. "ఈ అమ్మాయి నాకు ఏమీ కాదు, కిరాయికి ఉంటుంది" అని రాశాను. పక్కనే కూర్చున్న ఆమెకు తెలుగు చదవడం నేర్పింది నేనే. తల కొట్టేసినట్టయింది. ఆమె కాగితం అందుకుని నెమ్మదిగా చదివింది.

"అమ్మా, తారీఖు ఎయ్యలే" అంది.

తారీఖు వేశాను. కళ్ల నీళ్లకు అంకెలు సరిగ్గా కనబడలేదు.

పదో రోజున పొడిగింపు వచ్చింది. ఆమె మెట్ల మీద నిలబడే తల్లికి ఫోన్ చేసి, ఏదో చెప్పి, ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. అవతల ఏడుపు వినబడుతోంది. నాకు తోచింది ఒక్కటే.

"నీ బిడ్డ ఇంకో ఏడాది నా తాననే ఉంటదమ్మా" అన్నాను. "ఫికర్ చెయ్యకు."