బిగింపు మేస్త్రి ఇంటి చేతిమిషను

మేస్త్రికి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. వీధంతా మాత్రం ఆయన్ని బిగింపు మేస్త్రి అనే పిలిచేది. ఉద్యోగమంటూ చేసినన్నాళ్ళూ నీళ్ళ పంపులు బాగుచేసిన మనిషి. ఆయన చెయ్యి పడిన గొట్టం నుంచి మళ్ళీ ఒక్క చుక్క కారితే ఒట్టు. చిక్కల్లా ఏమిటంటే, ఆయన బిగించినదాన్ని విప్పాలంటే మళ్ళీ ఆయన్నే పిలవాలి. ఇంట్లో అయితే మరీను. పంచదార డబ్బా మూత ఆయన పెట్టాడంటే, ఆయన పని నుంచి తిరిగొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ చప్పటి టీయే గతి.

ఆయన భార్య బట్టలు కుట్టేది. ముందుగదిలో కిటికీ పక్కన మోటారు మిషను, దాని మీద వీధిలోవాళ్ళ గౌన్లూ, దిండు గలేబులూ, పిల్లలకి పొట్టయిపోయిన పంట్లాలూ. చేతికి ఎంత పనో నోటికీ అంత పని. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు గంటసేపు కబుర్లాడి, కొలతలు మర్చిపోయి ఇంటికి పోయేవారు.

పోయినేడు పక్షవాతం వచ్చి ఆవిడకి కుడివైపంతా పడిపోయింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, గోడ పట్టుకుని నడవడమూ వచ్చింది. కుడిచెయ్యి మాత్రం సగమే వచ్చింది. భుజం కదులుతుంది, మోచెయ్యి వంగుతుంది, వేళ్ళకే పట్టు లేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు మోటారు మిషను ముందు కూర్చుంది. పెడలు మీద కాలు ఎంత నొక్కుతోందో ఆవిడకే తెలియలేదు. మిషను ఒక్క పరుగు తీసింది, సూది వేల్లో దిగింది. ఆ సాయంత్రమే మేస్త్రి మిషన్ని భుజానికెత్తుకుని, వెనక వీధిలో ఉన్న కూతురి ఇంట్లో పడేసి వచ్చాడు.

అప్పట్నుంచి భార్యని కంటికి రెప్పలా కాచుకున్నాడు. మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయినా పరుగెత్తుకొచ్చి లాక్కునేవాడు. "నేనున్నాగా, నువ్వు కూర్చో" అనేది ఆయనకి ఊతపదం అయిపోయింది. చేతిని వాడితేనే వాడుకలోకి వస్తుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు బుద్ధిగా తలూపాడు, ఇంటికొచ్చి అన్నం ముద్ద తనే కలిపి పెట్టాడు. ఆవిడ కూర్చుంది. కూర్చుని కూర్చుని, మెల్లగా మాట్లాడటం కూడా మానేసింది. పలకరిస్తే ఊఁ, లేకపోతే ఊహూఁ. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని మేస్త్రికి అంతకుముందు తెలియదు. లోపల్లోపల హడలిపోయాడు.

అలాంటిది, ఒక పొద్దున ఆవిడే పిలిచింది.

"ఏమండీ, అటక మీద మా అమ్మమ్మ చేతిమిషను ఉండాలి. దింపుతారా?"

"అది ఈపాటికి తుప్పు ముద్ద అయిపోయుంటుందే."

"అయితే అయింది. దానికి పెడలు లేదు కదా. పిడి తిప్పినంతసేపే నడుస్తుంది, ఆపితే ఆగిపోతుంది. తిప్పడానికి భుజం చాలు. గుడ్డ జరపడానికి ఎడంచెయ్యి ఉండనే ఉంది."

ఆవిడ నోట అన్ని మాటలు ఒక్కసారిగా విని ఎన్నాళ్ళయిందో. ఆవిడ ముగించేలోపే మేస్త్రి నిచ్చెన అడగడానికి పక్కింటి గేటు దాటాడు.

దింపి మూట విప్పితే నిజంగా తుప్పు ముద్దే. చెక్కపీఠం నిలువునా చీలి ఉంది. పిడి విరిగిపోయింది. చక్రం ఊపినా కదల్లేదు. నల్లటి ఒంటి మీద ఒకప్పటి బంగారు తీగలు సగం చెరిగిపోయి, మిగతా సగం మసిలో దాక్కున్నాయి. మేస్త్రి వరండాలో పాత దుప్పటి పరిచి, మిషన్ని ఒక్కో మరా విప్పి కిరసనాయిలు పళ్ళెంలో నానేశాడు. పళ్ళచక్రాల సందుల్లో రాయిలా గట్టిపడిన జిడ్డుని పుల్లతో గీకాడు. పీఠానికి జిగురు పట్టించి, తాడు చుట్టి ఆరబెట్టాడు. వారాలు గడిచాయి. భార్య గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ ఉండేది, "అక్కడింకా నల్లగా ఉంది" అని వంకలు కూడా పెట్టేది. ఆ వంకలు వింటుంటే మేస్త్రికి ప్రాణం లేచొచ్చేది.

పిడికి కొత్త చెక్క కావాల్సి వచ్చింది. విరిగిన కుర్చీ కాలు ఒకటి కోసి, ఆకురాయితో రాకి, పట్టులేని వేళ్ళు కూడా చుట్టుకునేలా మామూలుకన్నా లావుగా చెక్కాడు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే అరచేతిలో ఆ చెక్క పెట్టి కొలత చూసుకున్నాడు. ఆవిడ మేలుకునే ఉంది. కళ్ళు మాత్రం తెరవలేదు.

అన్నీ అయ్యాక మళ్ళీ బిగించాడు. మేస్త్రి బిగించడమంటే మాటలా? ఖాళీ కనిపించిన చోటల్లా ఒక వాషరు వేసి, ప్రతి మరనీ పళ్ళు కొరుక్కుంటూ చివరికంటా తిప్పాడు. కూతుర్ని పిలిపించాడు. మిషన్ని కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, దారం ఎక్కించి, కింద ఒక గుడ్డముక్క పెట్టి, పెళ్ళిపెద్దలా నిలబడి పిడి తిప్పాడు.

మిషను మూలిగింది. రెండో కుట్టుకే దారం తెగింది.

మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ తెగింది. సూది మార్చాడు, దారం మార్చాడు. తెగుతూనే ఉంది. చెమటలు కక్కుతూ, ఇంకా ఎక్కడో వదులుందనుకుని స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

"ఇంక వదిలేయ్ నాన్నా" అంది కూతురు మెల్లగా. "పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం. అమ్మకి లేనిపోని ఆశ పెట్టడం దేనికి?"

భార్య మొహం పాలిపోయింది. ఇది కూడా పోతే ఇంక ఆవిడ అడిగేదేమీ ఉండదని మేస్త్రికి ఆ క్షణంలో అర్థమైంది.

ఆవిడ ఎడంచేత్తో మిషన్ని తనవైపు లాక్కుంది. కింద దారం కండె ఉండే, పడవలాంటి షటిల్‌ని బయటికి తీసి, దాని దారం కొస లాగి చూసింది. పిడిని వేళ్ళతో కదిపి చూసింది.

"ఎంత బిగించారు?"

"ఇంక తిరగనంత" అన్నాడు మేస్త్రి. అంత దిగుల్లోనూ గొంతులో కాస్త గొప్ప వినిపించింది.

"ఏడ్చినట్టే ఉంది. ఇది పంపు కాదండీ మహానుభావా! మీకు నీళ్ళు బయటికి రాకూడదు, నాకు దారం బయటికి రావాలి. ఈ షటిల్ చుట్టూ దారం తిరిగి రావాలంటే దారమంత సందైనా ఉండొద్దా? ఈ చెక్క నా చేతిలో గిరగిరా తిరగాలి, లేకపోతే అరచెయ్యి ఒలిచేస్తుంది. అసలు ఈ వాషర్లు ఎవరు వేయమన్నారు?"

మేస్త్రి ఒక వాషరుని వేలితో తడిమాడు. "వదులుగా ఉంటే ఊడిపోతుందేమోనని..."

"ఊడితే మళ్ళీ పెట్టుకుంటాను."

కూతురు కిసుక్కున నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. స్క్రూడ్రైవరు పెట్టి మరని వెనక్కి తిప్పాడు. "ఇంకా" అంది ఆవిడ. ఇంకాస్త తిప్పాడు. "ఇంకాస్త. భయమేం లేదు." కావాలని ఒకదాన్ని వదులు చేయడం ఆయనకి అదే మొదలు. వాషర్లు ఒక్కొక్కటే ఊడి వచ్చి బల్ల మీద కుప్ప పడ్డాయి. చివరికి పిడి చిటికెనవేలితో తాకితే తిరిగింది.

ఆవిడ కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి పిడి మీద పెట్టుకుంది. వెంటనే మేస్త్రి వెనక నిలబడి, ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

"ఏమండీ, మీరు బయట కూర్చోండి."

"ఒక్కదానివే ఎలా..."

"ఒక్కదాన్నే. నేను పిలిచేదాకా రావద్దు."

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి, నవ్వుకుంటూ తన ఇంటికి వెళ్ళిపోయింది. మేస్త్రి చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. టక్, టక్, టక్. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. ఇంతలో లోపల ఏదో ధభీమని కింద పడింది. ఒక్క ఉదుటున లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. కర్టెన్ మీద చెయ్యి వేశాడు. లోపల ఆవిడ కత్తెరని నోటికొచ్చినట్టు తిడుతోంది. పిలవలేదు. మేస్త్రి కర్టెన్ వదిలేసి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి మళ్ళీ మెట్ల మీద కూలబడ్డాడు. అంత కష్టమైన పని తన జన్మలో చేయలేదు.

టక్ టక్ టక్ టక్. ఈసారి ఆగలేదు.

కాసేపటికి పిలుపు వచ్చింది. ఎగిరి గంతేసినట్టు లోపలికి వెళ్ళాడు. గుడ్డముక్క మీద కుట్లు పాములా వంకరటింకరగా పోయాయి, కానీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా తెగలేదు. ఆవిడ నుదుటి నిండా చెమట. సాయం అడుగుతుందనుకుని చెయ్యి చాచాడు.

"ఆ చొక్కా విప్పి ఇవ్వండి" అంది ఆవిడ. "చంక కింద చిరిగి ఎన్నాళ్ళయిందో, చూసీ చూడనట్టు ఊరుకున్నాను."

మేస్త్రి చొక్కా విప్పి ఇచ్చి, బనీనుతో వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చొక్కా అంచు కూడా లేదు.

బడి నుంచి వస్తున్న ఎదురింటి టీచరమ్మ గేటు దగ్గర ఆగింది. "ఏంటి మేస్త్రిగారూ, ఇంత చలిగాలిలో చొక్కా లేకుండా కూర్చున్నారు?"

"మా ఆవిడ కుడుతోందమ్మా" అన్నాడు మేస్త్రి, వీధి చివరిదాకా వినబడేలా.