అవ్వ పాటల క్యాసెట్టు, నా సూదంటురాయి

మా చిన్నప్పుడు... డోన్‌లో మా ఇంటి ముందర మట్టిలో సూదంటురాయి పొర్లిస్తే, నల్లటి ఇనుప రజను దానికి మీసాల్లాగా అతుక్కునేది. పాడైపోయిన స్పీకరు విప్పి మా నాయన ఇచ్చిన రాయి అది. నా అరచేతంత ఉండేది.

ఎవరూ ఎత్తుకుపోకుండా దాన్ని క్యాసెట్ల రేకు డబ్బాలో దాచేదాన్ని... క్యాసెట్ల మీదనే.

ఆ డబ్బాలో మా అవ్వ క్యాసెట్టు ఉండేది. అవ్వ అంటే నాయన వాళ్లమ్మ. ఇసుర్రాయి ముందర కూర్చుని జొన్నలు ఇసురుతా పాడిన పాటలు. ఆమె పోయి అప్పటికి ఏడాది. నాయన లారీ డ్రైవరు. ఇంటికొచ్చిన రోజు నీళ్లు పోసుకుని, ఆ పాటలు విన్నాకే అన్నానికి కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం క్యాసెట్టు వేస్తే 'శ్...' అని ఒకటే మోత. మధ్యలో బావిలోంచి వచ్చినట్టు అవ్వ గొంతు ఒక్క ముక్క... మళ్లీ మోత. తిప్పి వేసినాడు. అదే.

"పోయినసారి లారీలో పెట్టుకుని పోయింటి. ఎండకు చెడిపోయినట్టుండాది. నేనే పోగొట్టుకుంటి," అన్నాడు అమ్మతో. ఆ పూట అన్నం తినలేదు.

నాకెందుకో అనుమానమొచ్చింది. మిగతావి ఒక్కొక్కటే వేసి చూసినా. డబ్బా అడుగున ఉన్నవి బాగానే పాడినాయి. నా రాయికి తగిలినవే మూగబోయినాయి...

చెప్పకుంటే ఎవరికీ తెలీదు. కానీ తప్పంతా తనదే అనుకుని నాయన గోడకానుకుని కూర్చున్నాడు. పోయి రాయి ఆయన చేతిలో పెట్టినా.

"ఎండ కాదు నాయనా... ఇది."

దెబ్బ పడుతుందనుకున్నా. ఆయన రాయిని తీసి డబ్బాకు దూరంగా కిటికీలో పెట్టినాడు.

"తెలిసి చేసినావా ఏంది? ఇచ్చింది నేను. యాడ పెట్టకూడదో చెప్పకపోతి," అన్నాడు. "క్యాసెట్ల దగ్గర వద్దు, టీవీ దగ్గర వద్దు. ఇట్లాంటివి రెండుంటే మధ్యలో వేలు పెట్టొద్దు పాపా, నలిగిపోతాది."

ఆ ఆదివారం నన్ను కోయిలకుంట్లకు పిల్చుకుని పోయినాడు. బస్సులో టేపురికార్డరు నా ఒళ్లోనే. అక్కడ అవ్వ చెల్లెలుండేది, మా చిన్నవ్వ.

"ఇసుర్రాయి ముట్టి శానా దినాలాయె కదరా అబ్బీ!" అని నవ్వుతానే కూర్చుని పాట ఎత్తుకుంది. గొంతు వేరే... పాట మాత్రం అదే. నడుమ ఒక చరణం మర్చిపోయి ఆగిపోతే, నాయన తల వంచుకునే మెల్లగా అందుకున్నాడు. ఆయన పాడంగా వినడం నాకు అదే మొదటిసారి. అది కూడా టేపులో పడింది...

ఇప్పుడు పిల్లల బొమ్మల్లో శనగగింజంత సూదంటురాళ్లు వస్తున్నాయి. నా రాయికన్నా గట్టివి. రెండు మింగినారంటే కడుపులో పేగుల్ని నడుమ ఇరికించుకుని అతుక్కుంటాయంట. అట్లాంటి బొమ్మలు మా చిన్నోనికి అందకుండా మూత బిగించి పై అల్మారాలో పెట్టినా. మింగినారేమో అని అనుమానమొచ్చినా సరే, ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సిందే.

ఈ కాలంలో ఫోన్లో ఎన్ని గొంతులైనా దాచుకోవచ్చు... పని చేసుకుంటా పాడేవాళ్లే కనపడరు. మీ ఇండ్లలో అట్లా పాడినోళ్లు ఎవరుండిరి? ఒక్క చరణం గుర్తున్నా కింద రాయండి...