కచ్చురం వెనక నడక

మా ముత్తాత వెంకట నరసింహారావుగారు జనగామ తాలూకాలో పద్దెనిమిది గ్రామాలకు దేశ్‌ముఖ్. నిజాం సర్కారు పెద్దలు విడిదికి వచ్చినప్పుడు వారి ఎదుట కుర్చీలో కూర్చునే హక్కు ఆ చుట్టుపక్కల మా ఇంటికే ఉండేది. తాత రామచంద్రారావుగారి కాలానికి గ్రామాలు పోయి పొలాలు మిగిలాయి. మా నాయన కాలానికి పొలాలు పోయి కోటలాంటి మా గడీ గోడలు మిగిలాయి. ఆ గోడల మధ్య నుంచే నేను డాక్టరీ చదవడానికి వరంగల్ వెళ్లాను. 1969 తెలంగాణ ఉద్యమంలో తరగతులు నడవక మా చదువు వెనకబడింది కానీ ఆగలేదు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. ఇప్పుడు రాయబోయే కేసులో నా చదువు ఎంత పనిచేసిందో, మా ఇంటిపేరూ అంతే పనిచేసింది.

1977 జూలైలో నన్ను మహబూబాబాద్ తాలూకా ఆసుపత్రిలో మహిళా అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. జనం నోట ఆ ఊరు మానుకోట. అసిస్టెంట్ సర్జన్ అనేది ప్రభుత్వ వైద్యంలో మొదటి మెట్టు. మాపైన ఒక సివిల్ సర్జన్ ఉండేవారు. కాన్పులు, ఆడవాళ్ల ఓపీ మొత్తం నాదే. చేరిన నెలలోనే దంతాలపల్లి వైపు పల్లె నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. అత్త పేరు లచ్చమ్మ. రైస్‌మిల్లు, పత్తి వ్యాపారం కలిసొచ్చి కొత్తగా పైకి వచ్చిన ఇల్లు వాళ్లది. కోడలు సుగుణకు ఇరవై రెండేళ్లు. పెళ్లయి ఐదేళ్లయినా పిల్లలు లేరు. ఏడాదికి పైగా నెలసరి రాలేదు. ఒళ్లు ఏటికేడు పెరుగుతోంది. గడ్డం కింద వెంట్రుకలు వస్తే దారంతో పీకించుకుంటోంది. మెడ వెనక మసి పూసినట్టు నలుపు.

"నలుగుపిండి పెట్టి రుద్ది రుద్ది నా చేతులు నొస్తున్నయి గాని నలుపు పోతలేదు డాక్టరమ్మా," అంది లచ్చమ్మ.

నాకు ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన జబ్బు లక్షణాలన్నీ కలుపుకొని నా ఎదుట స్టూలు మీద కూర్చుంది. ఇప్పుడు పీసీఓఎస్ అంటున్న దాన్ని అప్పటి పుస్తకాల్లో ఇద్దరు విదేశీ వైద్యుల పేర్లతో పిలిచేవారు. స్కానింగ్ యంత్రం మానుకోటకు ఇంకా రాలేదు. అడిగి తెలుసుకోవాలి, చేత్తో పరీక్షించి తేల్చుకోవాలి. పరీక్షించాను. అండాశయాలు రెండూ పెద్దవిగా చేతికి తగిలాయి. ఈ జబ్బులో అండం పక్వమై విడుదల కాదు కనుక నెలసరి రాదు. ఒళ్లు పెరిగేదీ దీనివల్లనే, పెరిగిన ఒళ్లు మళ్లీ జబ్బును పెంచుతుంది. తిండిపోతుతనమని పక్కవాళ్లు అనుకుంటారు, అది తప్పు.

సివిల్ సర్జన్‌గారికి చూపిస్తే, వరంగల్ పంపించి ఆపరేషన్ చేయించమన్నారు. అండాశయాల నుంచి చెరొక ముక్క కోసి తీయడం అప్పట్లో ఉన్న వైద్యం. నేను ఒప్పుకోలేదు. కొందరిలో కొద్దిపాటి బరువు తగ్గినా నెలసరి తిరిగి వస్తుందని మా ప్రొఫెసరమ్మ వార్డులో చెప్పిన మాట నాకు గుర్తుంది. ముందు అది ప్రయత్నిస్తానన్నాను. ఆయన అద్దాల మీది నుంచి చూసి, "నీ పూచీ," అన్నారు.

లచ్చమ్మను బయట కూర్చోబెట్టి తినే తిండి గురించి అడిగాను. సుగుణ తల దించుకుని వేరే సంగతి చెప్పింది.

"శివరాత్రి దాటినంక మా అత్త భూపాలపల్లి దిక్కు పోతదమ్మా. ఆడ వాళ్ల తమ్ముని బిడ్డ ఉన్నది. ఆమెను మా ఆయనకు మాట్లాడుకొస్తదట. నన్ను ఎల్లగొట్టరట, ఇంట్లనే ఉండనిస్తరట."

"చట్టం ఒప్పుకోదు. నీ భర్త ఏమంటాడు?"

"ఏమనడు. గదే నా పరేషాన్."

శివరాత్రికి ఎనిమిది నెలలు కూడా లేవు. లచ్చమ్మను లోపలికి పిలిచి, కోడలికి ఏమేం పెడుతున్నావని అడిగాను. ఆమె గర్వంగా చెప్పింది.

"ఏం తక్వ చేసినం? పొద్దుగాల రెండు, మాపటికి రెండు నువ్వుల ముద్దలు, పైన నెయ్యి. నువ్వులు, బెల్లం వేడి గద. ఆగింది కదులుతదని నా చేతులతోని దంచి పెడుతున్న. వద్దంటే కొసరి కొసరి పెడుతున్న."

నెలసరి రావాలని పెట్టే ముద్దలు, నెలసరిని ఆపే ఒంటిని పెంచుతున్నాయి. మా వైపు ఇళ్లలో తప్ప ఈ పొరపాటు ఇంకెక్కడా జరగదు. ముద్దలు బంద్ అన్నాను. పస్తులు వద్దు, రెండు పూటలా కడుపు నిండా తినాలి. అయితే ఒక పూట అన్నం బదులు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ. రోజూ చెమట పట్టేదాకా నడక.

లచ్చమ్మ భగ్గుమంది. "జొన్నరొట్టెనా? మా జీతగాళ్లు తినేది నా కోడలు తినాల్నా? బజార్ల నడవాల్నా? బండి లేదనుకోరా ఊరోళ్లు?"

నాకు వంగి బతిమాలడం రాదు. కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పాను. "మా నాయనమ్మ దేశ్‌ముఖ్ ఇంటి దొరసాని. వెండి పళ్లెంల జొన్నరొట్టె పెట్టుకొని తినేది. ఎవరు నవ్విన్రో చెప్పు."

"ఏ ఊరు దేశ్‌ముఖులు?"

చెప్పాను. ఆమె కొంగు సర్దుకుంది. "గట్లనా దొరసానీ. అయితే రొట్టె తింటది. నడిచేదానికే ఏదన్న ఉపాయం చెప్పు."

ఉపాయం లచ్చమ్మకే తట్టింది. వాళ్లింట్లో ఒక కచ్చురం ఉంది. పైన గూడు, చుట్టూ పరదాలు ఉన్న ఎద్దుబండి అది. వెనకటి రోజుల్లో గడీ స్త్రీలు అందులో తప్ప వీధిలోకి వచ్చేవారు కాదు. బస్సులు తిరిగే కాలంలో దానితో పని లేదు. హోదా కోసం కొని వాకిట్లో పెట్టుకున్నారు. కోడలు అందులో ఎక్కి ఊరు దాటుతుంది, ఊరవతల దిగి మామిడితోట దాకా బండి వెనక నడుస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఊరి మొదట్లో మళ్లీ ఎక్కుతుంది. వైద్య గ్రంథాల్లో లేని ఈ పద్ధతికి నేను వెంటనే ఒప్పుకున్నాను.

భాద్రపదంలో పిల్లల టీకాల పని మీద ఆ వైపు జీపులో వెళ్తూ కళ్లారా చూశాను. ముందు పరదాలు దించిన ఖాళీ కచ్చురం, వెనక కొంగు నడుముకు దోపి చెమటలు కక్కుతూ సుగుణ. కలుపు తీస్తున్న ఆడవాళ్లు గట్టు మీది నుంచి అరుస్తున్నారు. "ఓ అక్కా, బండ్ల ఎవలున్నరు? గాలిని ఊరేగిస్తున్నరా?" బండి తోలే మల్లయ్య ముసలివాడు, వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చాడు. "నా ఎద్దులకు బరువు తగ్గింది, మీకేం నొప్పి?" సుగుణ కూడా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. జీపు దిగి ఆమెతో కొంత దూరం నడిచాను. కచ్చురం కాడి మీద రెండు ఇత్తడి నెమళ్లు ఉన్నాయి. ఒకదానికి ముక్కు విరిగింది. ఆ బండిని నేను గుర్తుపట్టాను.

పదిహేను రోజులకొకసారి ఆసుపత్రి తూకం మీద బరువు చూసేదాన్ని. మొదట బాగానే తగ్గింది. దసరా దాటాక ముల్లు ఆగిపోయింది. తిండి మారలేదు, నడక మానలేదు, బరువు మాత్రం కదలదు. "గాలి పీల్చినా లావైతున్ననమ్మా," అని సుగుణ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ లోపల గుబులుగానే ఉంది. ఈ జబ్బులో ఒళ్లు అలా మొండికేస్తుందనీ, తప్పు ఆమెది కాదనీ చెప్పాను. అత్త ముందు కూడా అదే గట్టిగా చెప్పాను. ఆ మాట అత్త వినడం ముఖ్యం. అప్పుడు సుగుణ చెయ్యి పైకెత్తింది. మణికట్టు దగ్గర బిగుసుకుని ఉండే గాజులు మోచేతి దాకా జారాయి. తూకం చెప్పనిది గాజులు చెప్పాయి. నడక తోట దాటి చెరువుకట్ట దాకా పొడిగించాను. చలికాలం మధ్యకు వచ్చేసరికి ముల్లు మళ్లీ కదిలింది.

నెలసరి మాత్రం రాలేదు. మాత్రలిచ్చి రప్పించవచ్చు. అలా వచ్చేది మందు తెచ్చినదే అవుతుంది తప్ప అండం విడుదలైన గుర్తు కాదు. దొంగ సాక్ష్యంతో గెలవడం నాకు ఇష్టం లేదు, ఇవ్వలేదు. శివరాత్రి వచ్చింది, వెళ్లింది. భూపాలపల్లి ప్రయాణానికి లచ్చమ్మ రోజు చూసుకుంది.

ఆ రోజు పొద్దున ఓపీ మొదలుపెట్టబోతుంటే ఆసుపత్రి ముందు మల్లయ్య బస్సు దిగి, తలగుడ్డ చేతిలో పట్టుకుని పరుగున వచ్చాడు. ఏం చెడు కబురోనని లేచి నిలబడ్డాను.

"అవ్వ పయనం ఆగింది దొరసానీ! కోడలమ్మ బయట కూసున్నది!"

బయట కూర్చోవడమంటే ఆ రోజుల్లో నెలసరి వచ్చిన స్త్రీ ఇంట్లోకి రాకుండా విడిగా ఉండటం. ఇంట్లో అలాంటప్పుడు శుభకార్యం మాట్లాడటానికి గడప దాటరు. నేను చేతిలో ఉన్న స్టెతస్కోపును బల్ల మీద పడేసి, వార్డులో నర్సమ్మ భుజాలు పట్టుకుని ఊపేశాను. నా సర్వీసులో నిగ్రహం అంతగా తప్పింది ఆ ఒక్కసారే. సివిల్ సర్జన్‌గారు గది నుంచి తొంగి చూసి, "ఎవరైనా పోయారా?" అని అడిగారు. "లేదు సార్, వచ్చింది!" అన్నాను.

మూడు రోజులాగి లచ్చమ్మ స్వయంగా వచ్చింది. కోపంగా ఉందో సంతోషంగా ఉందో ఆమెకే తెలియడం లేదు.

"ఎనక వసారల కూసోవే అంటే ఇనది దొరసానీ. చాప తెచ్చి ముంగట అరుగు మీద, బజారుకు ఎదురుంగ ఏసుకున్నది. పోయేటోళ్లు వచ్చేటోళ్లు అందరు చూసిన్రు. మా తమ్మునికి ఏమని కబురు చెయ్యాలె?"

"వాళ్ల బిడ్డకు వేరే సంబంధం చూసుకొమ్మని చెయ్యి."

ఆమె లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నువ్వుల ముద్దలు ఇంక ఒద్దే ఒద్దు గద?"

"ఒద్దే ఒద్దు."

ఒక్కసారి వస్తే వైద్యంలో నమ్మకూడదు. మరుసటి నెల కొంచెం ఆలస్యంగా వచ్చింది, ఆపై నెల వేళకు వచ్చింది. వానాకాలంలో మళ్లీ ఆగింది. ఈసారి పరీక్షిస్తే కారణం వేరు. మరుసటి ఏడాది మానుకోటలోనే నా చేతుల మీద ఆడపిల్ల పుట్టింది. కాన్పు తర్వాత కూడా నడక మానొద్దని చెప్పి పంపాను, ఈ జబ్బు వదిలిపోయేది కాదు కనుక. ఎనభైల్లో నేను భూపాలపల్లిలో పనిచేస్తుండగా సుగుణ చూడటానికి వచ్చింది. బస్టాండు నుంచి ఆసుపత్రికి రిక్షా ఎక్కకుండా నడిచి వచ్చింది.

బరువు తగ్గిన ప్రతి స్త్రీకీ ఇలా జరుగుతుందని నేను చెప్పను. చాలామందికి మందులు కావాల్సి వచ్చింది, కొందరికి ఏదీ పనిచేయలేదు. ఈ కేసు నేర్పింది ఇది: వైద్యుడు ఇచ్చే సలహా రోగి శరీరానికే కాదు, ఆమె ఉండే ఇంటి పరువుకు కూడా సరిపోవాలి. లేకపోతే అది ఆసుపత్రి గేటు దాటదు.

ఆ కచ్చురం మా నాయనమ్మది. భూపరిమితి చట్టం వచ్చిన తర్వాత మా నాయన దాన్ని జనగామలో అమ్మాడు. ఎద్దులను అంతకు ముందే అమ్మాం.