వాసన లేదని చెప్పాను

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక చిన్న మాట. పలకడానికి క్షణం కూడా పట్టదు. అయినా నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. తలుపు వేసుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు, గట్టిగా అనేసి చూద్దామని కూడా ప్రయత్నించాను. భయం వేసింది. ఎవరూ లేని గదిలో ఎవరు వింటారని భయం?  నా పేరు అడగకండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. ఎదురుగా ముఖం కనిపించే మనిషికైతే ఇప్పటికీ చెప్పలేను.

నాకు వాసనలు తెలియవు. నేను మోస్తున్న మాట ఇది కాదు, కానీ దీంతోనే మొదలుపెట్టాలి.

అప్పట్లో నేను బెంగళూరులో, మడివాళ మార్కెట్ వెనక సందులో ఉన్న ఒక గ్యారేజీలో ఫిట్టర్ని. పెట్రోలు బండ్లకు గ్యాస్ కిట్లు బిగించేవాళ్లం. ఢిల్లీలో బస్సులూ ఆటోలూ సీఎన్‌జీకి మారుతున్నాయని పేపర్లో చదివేవాళ్లం గానీ ఆ గ్యాస్ మా ఊరికి రాలేదు. మాకు దొరికింది ఎల్పీజీ. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఆటోలూ, స్కూలు వ్యాన్లూ మా సందులో బారులు తీరేవి. బండి వెనక ఒక ట్యాంకు, అక్కడి నుంచి ముందుకు సన్నటి రాగి గొట్టం, ఇంజను పక్కన గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్ అనే డబ్బా, డ్రైవరు ముందు పెట్రోలుకీ గ్యాస్‌కీ మార్చుకునే స్విచ్చి. పని అంతే. కానీ ప్రతి జాయింటూ గట్టిగా పడాలి. ఒక్కటి వదులైనా ప్రాణాల మీదికి వస్తుంది.

అందుకని బిగించడం అయ్యాక జాయింట్లకు బ్రష్షుతో సబ్బు నీళ్లు పూయాలి. బుడగ లేచిందంటే గ్యాస్ కారుతున్నట్టు. అది అందరి పద్ధతి. మా గ్యారేజీలో దాని మీద ఇంకొకటి ఉండేది. ఆఖరున నేను వంగి, ఒక్కో జాయింటు దగ్గరా ముక్కు పెట్టి చూడాలి. సబ్బు నీళ్లకు దొరకనిది కూడా నాకు దొరికేది. కస్టమర్లు బుడగల్ని నమ్మేవాళ్లు కాదు. నేను తలెత్తి "ఏమీ లేదు, తీసుకుపోండి" అంటేనే బండెక్కేవాళ్లు. మా ఓనరు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, మావాడిది పోలీసు కుక్క ముక్కు అని గొప్పలు పోయేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి. కుక్కతో పోల్చినా పొంగిపోయానంటే ఆ పేరు మీద నాకెంత మోజో మీరే చూడండి.

ఒక వానాకాలం నన్ను విడవని జ్వరం పట్టుకుంది. తగ్గింది, పనిలోకి వెళ్లాను, అంతా మామూలే అనుకున్నాను. ఓ ఆదివారం స్టవ్ మీద పాలు మాడిపోతుంటే పక్క గదిలో హాయిగా పేపరు చదువుకుంటున్నాను. నా భార్య బయటినుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, "ముక్కు ఎక్కడైనా పెట్టి మరిచిపోయినారా?" అని కేకలేసింది. నవ్వేశాను.  ఆమె అటు తిరగగానే ఇంగువ డబ్బా తీసి ముక్కుకు ఆనించుకున్నాను. తర్వాత కాఫీ పొడి. తర్వాత దేవుడి దగ్గర అగరుబత్తి. బాత్రూములోకి వెళ్లి ఫినాయిలు సీసా మూత తీశాను. ఏదీ లేదు. అంతా ఉత్త గాలి.

డాక్టరు, తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. రాలేదు.

ఇంకెవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పని పోతుందని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది నిజం కాదు. నా చేతులు బాగానే ఉన్నాయి, స్పానర్ పట్టడానికి ముక్కు అక్కర్లేదు, చెబితే ఓనరు కాస్త నొచ్చుకుని ఆ ఆఖరి పరీక్ష ఇంకొకరికి అప్పగించేవాడు, అంతకుమించి ఏమీ జరిగేది కాదు. పోయేదల్లా ఆ సందులో నాకున్న ఒకే ఒక్క గొప్ప. దాన్ని వదులుకోలేకపోయాను. వంగడం, ఊపిరి పీల్చడం, ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు ఆగడం, తలెత్తి ఏమీ లేదనడం. ఇవన్నీ మునుపటిలాగే చేస్తూ పోయాను.

భయపడలేదని అనుకోకండి. సబ్బు నీళ్లు ఒకటికి రెండుసార్లు పూసేవాణ్ణి. ప్రతి బండీ సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేవాణ్ణి. దూరంగా ఫైరింజన్ గంట వినిపిస్తే చేతిలోది జారిపోయేది. పేపరు రాగానే లోపలి పేజీల్లో ఎక్కడైనా బండి తగలబడిందేమోనని వెతికేవాణ్ణి. ఇంట్లో తాలింపు వేస్తుంటే గుమగుమలాడుతోందని మెచ్చుకునేవాణ్ణి. నటన అలవాటైంది. భయం మాత్రం ఏ రోజుకారోజు కొత్తగానే ఉండేది.

మునిరాజు ఊరి చివర హూడి నుంచి స్కూలు వ్యాను నడిపేవాడు. తాతల నాటి నుంచి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన వ్యానుకు కిట్టు బిగించింది నేనే. బిగించిన కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. సాయంత్రం స్కూలు గంట కొట్టేలోగా వెనక్కి వెళ్లాలి, తొందరలో ఉన్నాడు.

"వాసన వస్తా ఉండాదప్పా," అన్నాడు. "పొద్దున్నే డోరు తీస్తానే గుప్పుమంటాది. మా ఇంటామె గూడా అదే అంటాది. ఒకసారి చూడు సామీ, పసిబిడ్లు ఎక్కే బండి."

ఆ వ్యానుకు ఇంజనూ, దాని పక్కన రెడ్యూసరూ ముందు సీటు కిందే ఉంటాయి. అక్కడ సబ్బు నీళ్లు పూయాలంటే సీటు విప్పాలి, కింద రేకు ఊడదీయాలి. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఓనరు లోపలినుంచి, "ఏయ్, ముక్కు పెట్టి చూడు, సాకు బిడు," అని అరిచాడు, కన్నడంలో అది చాల్లే అని. అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. వంగాను. సీటు కింద తల పెట్టి ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. నాకు ఎక్కడా ఎప్పుడూ ఏమీ ఉండదు కదా.

"ఏమీ లేదన్నా," అన్నాను.

"నాకు వస్తాదే! ఇప్పుడు గూడా వస్తాదప్పా."

"కొత్త కిట్టు గదా, కొన్నాళ్లు అట్లే అనిపిస్తాది. గ్యాస్ భయం పట్టుకున్నోళ్లకి ఇంట్లో సంగటి గూడా గ్యాస్ వాసనే కొడతాది."

చుట్టూ ఉన్న డ్రైవర్లు గొల్లుమన్నారు. మునిరాజు కూడా నవ్వాడు, కొంచెం సిగ్గుపడుతూ. "నీ ముక్కు ముందర నాదేంది లే," అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ నవ్వులు వినిపించినంతసేపూ నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. బయటపడకుండా తప్పించుకున్నాను. బండి మలుపు తిరిగాక భయం తిరిగొచ్చింది. రేపు పిలిపించి సీటు విప్పిద్దాం అనుకున్నాను. మర్నాడు పని ఎక్కువైంది. ఆ మర్నాడు, మళ్లీ రాలేదు కాబట్టి వాసన పోయి ఉంటుందిలే అనుకున్నాను. అనుకోవడమేమిటి, అలా అనుకోవాలని తీర్మానించుకున్నాను.

ఆ వారంలోనే స్కూలు గేటు ముందు వ్యాను అంటుకుంది. చినుకులు పడుతున్నాయని మునిరాజు అద్దాలెత్తి లోపలే కూర్చున్నాడు. ఇంకా గంట కొట్టలేదు కదా అని బీడీ అంటించాడు.

పిల్లలు క్లాసుల్లో ఉన్నారు. వాళ్లకేమీ కాలేదు. ఇది ముందే చెబుతున్నాను, మీరు నాలా వణకకూడదని. కానీ గంట కాస్త ముందు కొట్టి ఉంటే? అద్దాలెత్తిన ఆ వ్యాను నిండా పిల్లలూ, వాళ్ల బ్యాగులూ, నీళ్ల సీసాలూ ఉండి, మునిరాజు బీడీకి బదులు ఇంజనులోంచి ఏ చిన్న నిప్పురవ్వో లేచి ఉంటే? ఇప్పటికీ రోడ్డు మీద స్కూలు వ్యాను కనిపిస్తే పక్కకు తప్పుకుని నిలబడిపోతాను. 

కాలిపోయిన వ్యానును పోలీస్ స్టేషన్ ఆవరణలో పడేశారు. చూసి రమ్మని ఓనరు నన్నే పంపాడు. సీటు లేదు, రేకు లేదు, ఆ రోజు నేను విప్పనివన్నీ నిప్పే విప్పేసింది. రెడ్యూసర్ దగ్గర జాయింటు నట్టు మీద వేలు పెట్టాను. స్పానర్ అక్కర్లేకుండా తిరిగింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎవరైనా చూశారా? ఎవరూ లేరు. వేడికి వదులై ఉండవచ్చు. ఆ ఒక్క ఆలోచనను పట్టుకుని ఎన్నో ఏళ్లు వేలాడాను. నిజంగానే వేడికి వదులై ఉండవచ్చు, నాకు తెలియదు. కానీ మునిరాజుకు వాసన వచ్చింది మంటలకు ముందు కదా. ఓనరు దగ్గరికి వెళ్లి, అంతా మసి అయిపోయింది, ఏమీ తెలియడం లేదన్నాను. పోలీసులు కూడా బీడీ అనే రాసుకున్నారు.

తర్వాత ఆస్పత్రికి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానిస్తారని వెళ్లాను. ఇదీ దాచను. మునిరాజు రెండు చేతులకూ మోచేతులదాకా కట్లు. మెడ మీద మందు పూశారు. నన్ను చూడగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా బీడీనే అప్పా," అన్నాడు. "గ్యాస్ బండిలో తాగొద్దని కిట్టు బిగించిన దినమే చెప్తివి. నేను ఇనలేదు. మీ గ్యారేజీకి గూడా చెడ్డపేరు తెస్తిని. ఏమనుకోవద్దు."

నోరు తెరిచాను. ఆయన భార్య మంచం పక్కనే నిలబడి ఉంది, వాసన వస్తోందన్న మనిషే. ఆమె ఒక్క మాట అంటే నేను దొరికిపోతానని ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. ఆమె నాకు స్టూలు జరిపి కూర్చోమంది. వాళ్లిద్దరికీ నా ముక్కు మీద ఇంకా నమ్మకం ఉందని అప్పుడు అర్థమైంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఈ జన్మలో రాదు. నేను చెప్పింది ఇది:

"ఇకమీదట తాగొద్దన్నా."

తల ఊపాడు. చిన్నపిల్లాడిలా తల ఊపాడు. నేనెవర్ని ఆయనకు బుద్ధి చెప్పడానికి? ఆ నాలుక ఎలా ఆడింది నాకు? 

కొన్నాళ్లకు గ్యారేజీ మానేశాను. నడుం నొప్పి అని చెప్పాను. ఇప్పుడు చిక్కపేటలో బోల్టులూ నట్లూ అమ్మే కొట్లో కౌంటరు దగ్గర కూర్చుంటాను. మునిరాజు వేళ్లు బిగుసుకుపోయాయి, స్టీరింగు పట్టలేడు. ఆయన భార్య అపార్ట్‌మెంట్లలో వంటలు చేసి సంసారం లాగుతోంది. ఆయన వ్యాన్లు ఆగే చోటికి వెళ్లి కూర్చుని, కుర్ర డ్రైవర్లకు చేతులు చూపించి, బీడీ ఎంత పని చేసిందో చూడండని చెబుతాడట. విని మానేసినవాళ్లు కూడా ఉన్నారట. పోనీలే, నా అబద్ధం వల్ల కొందరు బాగుపడ్డారు అని ఒకప్పుడు సంతోషించాను. ఎంత నీచంగా ఊరట వెతుక్కుంటుందో చూడండి మనసు.

ఈమధ్య వాళ్లింటికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. బస్సు దిగాక వెనక్కి వెళ్లిపోదామనిపించింది. పోలీసుల భయం కాదు. ఆయన ముఖం మారడం చూడాల్సి వస్తుందని భయం. లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆమె వంటింట్లో ఉంది. మునిరాజు ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. గాలి పీల్చి చూశాడు.

"ఏదో కాలిన వాసన వస్తా ఉండాదే," అన్నాడు. "నీకొస్తాదా అప్పా?"



వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "ఏమీ లేదు, రొట్టె పెంకు మీదుండాది. ఆయప్పంతే లే అన్నా. ఆ దినంనించీ ఏ వాసనొచ్చినా ఇంకొకర్ని అడగందే నమ్మడు."

మునిరాజు మాత్రం నా జవాబు కోసమే చూస్తున్నాడు. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"నాకు వాసన రాదన్నా," అన్నాను. డాక్టరుతో కాకుండా ఇంకొకరితో మొదటిసారి అన్నాను.

ఆయన జాలిగా చూశాడు. "జలుబా అప్పా? ఉండుండు, మిరియాల కషాయం పెట్టిస్తా."

తల ఊపాను. కషాయం వచ్చింది. బిగుసుకుపోయిన రెండు చేతుల మధ్యా గ్లాసు పట్టుకుని ఆయనే నాకు అందించాడు. తాగాను. తాగి, బాగుందన్నాను. ఇంటికొచ్చేశాను.

అందుకే ఇది రాస్తున్నాను.  క్షమించమని ఆయన్ని అడిగే ముఖం నాకు లేదు, మిమ్మల్ని అడగడంలో అర్థం లేదు. ఆయన చదువుకోలేదు. ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని భయం ఉంది. వినిపిస్తే బాగుండునని కూడా ఉంది.

జలుబు కాదు మునిరాజన్నా. నువ్వు వ్యాను తెచ్చిన ఆ మధ్యాహ్నం కూడా నాకు వాసన రాలేదు. నీకు వచ్చింది.