అంకెలు అవేనట, తలుపే తెరుచుకోలేదు

నా పేరు సూరమ్మ. డెబ్బై ఎనిమిదేళ్లు. కెనడాలోని ఎడ్మంటన్‌లో కూతురు, అల్లుడి దగ్గర ఉంటున్నాను. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే పక్కింటి సుజాత రాస్తోంది.

మా తలుపు తెరిచే నంబరు 142857. అంకెలు పోల్చుకోలేను గానీ, ఏ బొత్తాం తర్వాత ఏది నొక్కాలో నా వేలికి తెలుసు. ఈ రోజు చెత్త పడేసి వచ్చి నొక్కితే తెరుచుకోలేదు. మంచులో నిలబడి అల్లుడికి ఫోన్ చేశాను.

"నెలనెలా మారుస్తానత్తయ్యగారూ. రెండుతో హెచ్చించాను, 285714. అవే అంకెలు, అదే వరస! ఒకటీ నాలుగూ చివరికెళ్లాయంతే. ఆరుదాకా దేంతో హెచ్చించినా ఇలాగే తిరుగుతాయి. ఏడుతో అయితే అన్నీ తొమ్మిదులే. చిత్రం కదూ?"

"నేనిక్కడ గడ్డకడుతుంటే చిత్రమా అల్లుడుగారూ? ఆ తొమ్మిదులే పెట్టండి, ఒక్క బొత్తామే నొక్కుకుంటాను."

"అమ్మో, దొంగలు కనిపెట్టేస్తారు!"

దొంగ రాకపోతే చాలు, అత్త రాకపోయినా పర్లేదన్నమాట. తాళంచెవి చేతికిచ్చేదాకా సుజాత ఇల్లు కదలను. తప్పు నాదంటారా? కింద రాయండి, చదివించుకుని జవాబు చెబుతాను.

ఇప్పుడే అల్లుడొచ్చి బెల్లు కొడుతున్నాడు. తాళంచెవి తెచ్చాడేమో సుజాతని కిటికీలోంచి చూడమన్నాను. ఉత్త చేతులేనట. ఉండనీ బయటే.

ఇట్లు, సూరమ్మ వేలిముద్ర.
చూసినవాళ్లు: సుజాత, ఆమె భర్త రమణ.